మొదటి కస్టమ్ బండి: పాత స్ప్లెండర్ వెనక భాగంతోనే మొదలుపెట్టండి

సొంతంగా బైక్ కట్టాలని కూర్చుంటే ముందు కళ్ళ ముందు తిరిగేది లావుపాటి టైరు, పొడుగాటి ఫోర్కులు, సినిమా హీరో దిగే బండి. నేనూ ఒక నోట్‌బుక్కు నిండా అలాంటి బొమ్మలే వేశాను, అందులో ఒక్కటీ బండి అవ్వలేదు. చివరికి రోడ్డెక్కింది ఒక పాత హీరో హోండా స్ప్లెండర్. అందులో నేను మార్చింది సీటు కింద వెనక పైపులు, సీటు, మడ్‌గార్డులు, అంతే. వెల్డింగ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు అక్కడితో ఆగితే మంచిదని నా గట్టి అభిప్రాయం. హ్యాండిల్ తిరిగే హెడ్డు, ఇంజన్ బోల్టులు పట్టుకునే చోట్లు, స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందకీ కదిలే చట్రం) రాడ్డు దూరే చోటు, వెనక షాక్ అబ్జార్బర్ల పై బోల్టులు, ఈ నాలుగూ కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉండాలి. బండి తిన్నగా నడిచేదీ బ్రేకు వేస్తే అదుపులో ఉండేదీ వాటి వల్లే. అక్కడ మన వెల్డింగ్ విరిగితే రాలేవి మన పళ్ళే.

స్ప్లెండరే ఎందుకంటే, 97.2 సీసీ ఇంజన్, పాతవాటికి కార్బురేటర్, ఏ మండల కేంద్రంలో అడిగినా సామాన్లు దొరుకుతాయి, ఏ మెకానిక్కైనా కళ్ళు మూసుకుని విప్పుతాడు. యమహా ఆర్ఎక్స్ 100 జోలికి మాత్రం వెళ్ళకండి. 1996లో తయారీ ఆగిపోయిన బండి, ఉన్నవాటికే రేటు మండిపోతోంది, మన మొదటి ప్రయోగానికి దాన్ని కోయడం పాపం. ఏ బండి కొన్నా ఆర్సీ చేతికి రావాలి, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. కాగితాల్లేని బండి ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇక అందరూ దాటేసే విషయం, చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడే వీలుంది. వెనక పైపు కోసినా ఛాసిస్ మార్చినట్టే కదా అని ఆర్టీఓ ఆఫీసులో అంటే మన దగ్గర జవాబుండదు, అందుకే కోయకముందే అక్కడికి వెళ్ళి అడగండి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పండి. ఒప్పుకోకపోతే బోల్టులతో బిగించే మార్పులతో సరిపెట్టుకోవాలి, లేదంటే ఆ బండి పొలం గట్టు దాటకూడదు. ఇంకో సంగతి, వెనక కూర్చునేవాళ్ళకి పట్టుకునే హ్యాండిల్, ఫుట్‌రెస్టులు, చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే చీర గార్డు నిబంధనల ప్రకారం ఉండాల్సినవే. కాబట్టి ఒక్కరే కూర్చునే బుల్లి సీటు ఆలోచన మానుకుని, ఇద్దరు కూర్చునేలా, ఇవన్నీ పట్టేలా గీసుకోండి. సైలెన్సర్ కంపెనీదే ఉంచండి, పోలీసులు పీకించిన సైలెన్సర్లని రోడ్డు రోలర్ కింద వేయడం మనందరం చూశాం.

సామాన్లకి పెద్ద ఖర్చేం లేదు. 4 అంగుళాల గ్రైండర్, 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్, వెర్నియర్, ఒక మంచి వైస్, నాలుగైదు సీ క్లాంపులు, మూలమట్టం, ఆకురాయి, డ్రిల్లు. హైదరాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ ఒకసారి తిరిగితే అన్నీ దొరుకుతాయి. మెషిన్‌ని టీవీ ప్లగ్గులో పెట్టకండి, 16 ఆంప్స్ పవర్ ప్లగ్గు కావాలి, సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే వైరు కాలుతుంది, వోల్టేజీ పడిపోయి వెల్డింగ్ రాడ్డు ఇనుముకి అతుక్కుపోతుంది.

లుంగీ కట్టుకుని, చెప్పులతో, నల్ల కళ్ళజోడు పెట్టుకుని వెల్డింగ్ చేసే మేస్త్రీలని చూసి మనమూ అలాగే అనుకోవద్దు. మందపాటి నూలు బట్టలు, తోలు బూట్లు, తోలు గ్లౌజులు, దానంతటదే నల్లబడే వెల్డింగ్ హెల్మెట్‌లో షేడ్ (అద్దం ఎంత నల్లబడాలో చెప్పే నంబరు) 10 లేదా 11. గ్రైండర్ గార్డు పీకొద్దు. ఒకరోజు నేను చుక్కలు (ముక్కలు కదలకుండా ముందుగా పెట్టే చిన్న చిన్న వెల్డింగ్ అతుకులు) పెట్టేటప్పుడు 'ఒక్కటే కదా' అని హెల్మెట్ లేకుండా ఓ ఇరవై పెట్టాను, సాయంత్రం వరకు ఏమీ లేదు, అర్ధరాత్రి కళ్ళల్లో ఇసుక పోసి రుద్దినట్టు లేచి కూర్చున్నాను. బంగాళాదుంప ముక్కలు పెట్టుకోమని పదిమంది చెప్తారు, మీరు మాత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బండి ముట్టుకునే ముందు కనీసం 2 కేజీల రాడ్లు తుక్కు పైపుల మీద తగలేయండి. 2 మిల్లీమీటర్ల మందం పైపుకి 2.5 మిల్లీమీటర్ల 6013 రకం రాడ్డు, 65 నుంచి 80 ఆంప్స్ మధ్య. పైపు చిల్లులు పడిపోతుంటే రాడ్డు హోల్డర్‌ని నెగటివ్‌కి మార్చి చూడండి, కొంచెం తగ్గుతుంది. అతికిన ముక్కని వైస్‌లో బిగించి సుత్తితో విరిగేదాకా కొట్టండి. పైపు వంగాలి గానీ అతుకు ఊడకూడదు. నా మొదటి అతుకు చూడ్డానికి జడ అల్లినట్టు ఉండేది, మూడో దెబ్బకి శుభ్రంగా ఊడొచ్చింది, కింద ఇనుము కరగనే లేదు, పైన పూత పూసినట్టు కూర్చుంది. అందం చూసి మోసపోతే ఇలాగే ఉంటుంది. బోరుకి వేయగా మిగిలిన జీఐ పైపు (జింక్ పూత ఉన్న ఇనుప పైపు) మీద సాధన చేయకండి, ఆ తెల్లటి పొగలో జింక్ ఉంటుంది, రాత్రికి చలిజ్వరం వస్తుంది.

విప్పేటప్పుడు ప్రతి వైరు జాయింటుకీ మాస్కింగ్ టేపు మీద పేరు రాసి అంటించండి, ఫోన్‌లో ఫొటోలు తీయండి, బోల్టులు ఏ భాగానివి ఆ ఊరగాయ డబ్బాలో వేయండి. నెల తర్వాత ఏదీ గుర్తుండదు. పెట్రోల్ ట్యాంకు, కార్బురేటర్ తీసి వెల్డింగ్ చేసే చోటికి దూరంగా పెట్టేయండి. ట్యాంకుని మాత్రం ఇంట్లో వెల్డింగ్ చేసే సాహసం చేయొద్దు, ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే పేలుతుంది, అందులో ఎంత ఎండబెట్టినా మిగిలేది మిగులుతుంది. దాని అతుకులు ట్యాంకుల పనే చేసేవాళ్ళకి ఇవ్వండి.

ఇప్పుడు అసలు పని. చాలామంది మొదట గ్రైండర్ తీస్తారు, అది చివర్లో తీయాల్సింది. ముందు టీవీ అట్టపెట్టె కోసి సీటు ఆకారం చేయండి, కరెంటు సర్వీసు వైరు వంచి వెనక లూపు (సీటు వెనక గుండ్రంగా తిరిగి రెండు పక్కలా ఛాసిస్‌కి కలిసే పైపు) ఎలా తిరగాలో బండి మీద పెట్టి చూడండి, రెండు రోజులు అలాగే వదిలేసి పక్క నుంచి, వెనక నుంచి, దూరం నుంచి చూస్తూ ఉండండి. తర్వాత షాక్‌లు రెండూ విప్పి, అవి పూర్తిగా నొక్కుకుంటే ఎంత పొట్టి అవుతాయో కొలిచి, చక్రాన్ని అంత పైకి జాకీతో లేపి పట్టుకోండి. అప్పుడు టైరుకీ, కొత్త మడ్‌గార్డుకీ మధ్య కనీసం 30 మిల్లీమీటర్లు మిగలాలి. ఇది చూడకుండా కట్టినవాళ్ళ బండ్లు స్టాండు మీద బ్రహ్మాండంగా ఉంటాయి, ఇద్దరెక్కి మొదటి గతుకులో పడగానే టైరు మడ్‌గార్డుని కొరుకుతుంది.

లూపు పైపు బయటి కొలత ఛాసిస్ పైపుతో సమానంగా, మందం 2 మిల్లీమీటర్లు. సీమ్‌లెస్ దొరికితే మేలు, మామూలు అతుకు పైపైతే వంచేటప్పుడు ఆ అతుకు గీత వంపుకి బయటా లోపలా కాకుండా పక్కకి వచ్చేలా పెట్టండి. వంచడానికి మెషిన్ ఉన్న గ్రిల్ షాపుకి మీ వైరు నమూనా తీసుకెళ్తే చాలు. ఇంట్లోనే వేడిచేసి వంచుతామంటే లోపల ఇసుక దట్టించి రెండు వైపులా బిరడాలు కొట్టాలి, ఆ ఇసుక పెనం మీద వేయించినంత పొడిగా ఉండాలి, తడి మిగిలితే ఆవిరై బిరడా తుపాకీ గుండులా వస్తుంది.

కోసేది షాక్‌ల పై బోల్టుల వెనక మాత్రమే, అక్కడ పాత పైపు కనీసం 50 మిల్లీమీటర్లు మిగలాలి. రెండు పైపుల్నీ మూతి మూతి కలిపి అతికేస్తే ఒప్పుకోను. లోపల బిగువుగా దూరే ముక్క ఒకటి లేత్ షాపులో చేయించండి, 60 మిల్లీమీటర్ల పొడవు, సగం ఇటు సగం అటు. ఒక్కో పైపుకి రెండేసి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి ఆ రంధ్రాల్లోంచి లోపలి ముక్కకి కూడా వెల్డింగ్ నింపాలి. పైపుల మూతులు కలిసే చోట 2 మిల్లీమీటర్ల సందు వదలండి, అప్పుడే వెల్డింగ్ లోపలికి దిగుతుంది. పెయింటు, తుప్పు, గ్రీజు మెరిసే ఇనుము కనబడేదాకా గీకేయాలి. కానీ బ్రేక్ క్లీనర్ స్ప్రే కొట్టి వెల్డింగ్ చేయకండి, కొన్నింట్లో క్లోరిన్ రసాయనాలుంటాయి, ఆర్క్ తగిలితే విషవాయువు పుడుతుంది.

బ్యాటరీ తీసేయండి, సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ ఇచ్చే డబ్బా), రెక్టిఫైయర్ (బ్యాటరీ ఛార్జింగ్ చూసేది) కూడా ఊడదీయండి, వెల్డింగ్ కరెంటుకి అవి కాలిపోతాయి. ఎర్త్ క్లాంపు అతికే చోటికి జానెడు దూరంలోనే పెట్టండి, చక్రానికి పెడితే కరెంటు బేరింగుల గుండా వెళ్ళి వాటిని పాడుచేస్తుంది. ముందు చుక్కలు మాత్రమే పెట్టి, తాపీ మేస్త్రీలు గోడ తూకం చూసే గుండు లూపు మధ్యలోంచి వేలాడదీసి అది టైరు నడిమి గీత మీదకి వస్తుందో లేదో చూడండి. రాకపోతే చుక్క కోసి మళ్ళీ పెట్టడం పది నిమిషాల పని, పూర్తి వెల్డింగ్ అయ్యాక తేడా కనబడితే మాత్రం ఏడుపే. సరిపోయాక ఎడమ అతుకులో అంగుళం, కుడి అతుకులో అంగుళం, మళ్ళీ ఎడమ, ఇలా మార్చి మార్చి వేయండి. అతుకు మీద పేరుకునే చిట్టెం ప్రతిసారీ కొట్టేయండి. నీళ్ళు పోసి చల్లార్చొద్దు, దానంతటదే చల్లారాలి. పని ఆపాక ఓ అరగంట అక్కడే కూర్చోండి, నిప్పురవ్వ గోనెసంచిలో పడి నిదానంగా రాజుకోవడం నాకు అనుభవమే.

సీటు అడుగు రేకు 1.6 మిల్లీమీటర్లు చాలు, ఫోమ్, రెక్సిన్ సీట్ల షాపువాళ్ళే మీకన్నా బాగా చేస్తారు, అక్కడ పౌరుషానికి పోవద్దు. వైరింగ్ పాతదే వాడండి, పొడవు చాలని చోట పొడిగించండి. పాత స్ప్లెండర్లలో హెడ్‌లైటు మాగ్నెట్ (ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద, హారన్, ఇండికేటర్లు బ్యాటరీ మీద నడుస్తాయి, ఈ రెండింటినీ కలిపేసి ఎల్ఈడీలు పెట్టి కాల్చుకున్నవాళ్ళు బోలెడుమంది. వైర్లు లూపు పైపు కింద వెళ్ళే చోట రబ్బరు గొట్టం తొడగండి, రాపిడికి తెగేది అక్కడే.

పెయింటుకి తొందరపడకండి. ఒట్టి ఇనుముతోనే, తుప్పు పట్టకుండా నూనె గుడ్డ తుడుస్తూ, ముందు ఒక్కరే, తర్వాత వెనక ఇంకొకరిని ఎక్కించుకుని ఖాళీ స్థలంలో, పొలం దారిలో తిప్పండి. ప్రతిసారీ వచ్చాక బోల్టులు బిగించి, అతుకుల్ని లైటు వేసి చూడండి. వెంట్రుక మందం గీత కనబడినా పూర్తిగా కోసి మళ్ళీ వేయాలి, దాని మీదే ఇంకో పూత పూస్తే లాభం లేదు. అంతా బాగుంటే రెడాక్సైడ్ కొట్టి పెయింటు వేసుకోవచ్చు, పౌడర్ కోటింగ్ అయితే 200 డిగ్రీల దాకా వేడిచేస్తారు కాబట్టి రబ్బరు బుష్షులు, బేరింగులు ముందే తీసేయాలి. ఇచ్చేటప్పుడు హెడ్డు దగ్గరున్న ఛాసిస్ నంబరు మీద వేడికి తట్టుకునే టేపు మీరే అంటించి పంపండి, లేకపోతే నంబరు పూత కింద పూడిపోయి వస్తుంది.