కత్తిరి ఎండల్లో ఓవర్‌క్లాకింగ్: వోల్టేజీ జోలికి పోకండి

ప్రాసెసర్‌ను దాని తయారీదారు నిర్ణయించిన వేగం కన్నా ఎక్కువగా నడపడమే ఓవర్‌క్లాకింగ్. పోయిన వారం చెన్నై వేళచ్చేరిలో మా పై అంతస్తు కుర్రవాడు తన డెస్క్‌టాప్‌ను మోసుకొని మా ఇంటికి వచ్చాడు. జనవరిలో 5.5 గిగాహెర్ట్జ్ వద్ద నిలకడగా నడిచిన ప్రాసెసర్ ఎండలు ముదిరేసరికి రోజూ నీలి తెర చూపి ఆగిపోతున్నదని, ఆగినప్పుడల్లా బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ప్రాసెసర్ వోల్టేజీని కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చానని చెప్పాడు. మొదట 1.28 వోల్టులు ఉన్నది నేను చూసేసరికి 1.44కు చేరింది. ఇప్పుడు ఆ ప్రాసెసర్ డిఫాల్ట్ సెట్టింగుల్లో కూడా నిలవడం లేదు. అంతకన్నా బాధాకరం ఏమిటంటే, అతని చివరి సంవత్సరం ప్రాజెక్టు జిప్ ఫైళ్లలో మూడు ఇక తెరుచుకోవడం లేదు.

దుమ్ము దులపడం, థర్మల్ పేస్ట్ మార్చడం అందరికీ తెలిసినవే కనుక వాటిని వదిలేస్తున్నాను. నేను చూసినంతలో మనుషులను ముంచిన తప్పు ఒక్కటే: యంత్రం ఆగిపోయినప్పుడు వేగం తగ్గించడానికి మనసొప్పక వోల్టేజీ పెంచడం.

వేగం మారకపోయినా, ప్రాసెసర్ పుట్టించే వేడి దాదాపు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరించి పెరుగుతుంది. 1.28 నుంచి 1.44కు వెళ్తే వేడి సుమారు 27 శాతం పెరిగినట్టే. వేడెక్కిన చిప్‌లో లీకయ్యే కరెంటు పెరిగి మరింత వేడి పుడుతుంది, అదే వేగాన్ని నిలబెట్టడానికి మరికాస్త వోల్టేజీ కావలసి వస్తుంది, ఆ వలయం అలాగే సాగితే చిప్ పాడవుతుంది. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అస్థిరతకు అధిక వోల్టేజీ కారణమని ఆ సంస్థే ప్రకటించి, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణ విడుదల చేసింది. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేదు.

చెన్నైలో ఈ తప్పు మే నెలలోనే ఎందుకు జరుగుతుందంటే, గాలి కూలరైనా నీటి కూలరైనా ప్రాసెసర్‌ను గది వేడి కన్నా కిందికి దించలేదు. మార్గళిలో (డిసెంబరు-జనవరిలో) 25 డిగ్రీలున్న గది, ఏసీ లేని పై అంతస్తులో కత్తిరి (మే నెలలో ఎండలు ముదిరే రోజులు) నాటికి 37కు చేరితే, ఆ 12 డిగ్రీలూ దాదాపు యథాతథంగా ప్రాసెసర్ మీద పడతాయి. జనవరిలో 83 చూపినది ఇప్పుడు 95 చూపుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

కనుక ముందు బయాస్‌లో ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్‌ను రెండు మెట్లు దించండి. అంటే 200 మెగాహెర్ట్జ్. ఆటల్లోనూ రోజువారీ పనుల్లోనూ ఆ తేడా మీ కంటికి ఆనదు.

విండోస్ తెరుచుకున్నంత మాత్రాన నిలకడ వచ్చినట్టు కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఏసీ ఆపి, ప్రాసెసర్‌పై పూర్తి భారం వేసి పరీక్షించే ఓసీసీటీ గానీ ప్రైమ్95 గానీ కనీసం గంటసేపు నడపండి. రాత్రి చేసిన పరీక్షను లెక్కలోకి తీసుకోకండి.

విండోస్ లోపాల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ లోపం ఒక్కటి నమోదైనా, యంత్రం ఆగకపోయినా, ఆ సెట్టింగు పనికిరాదు. ఫైళ్లు చడీచప్పుడు లేకుండా పాడయ్యేది అక్కడే.

వోల్టేజీని ఆటోకు వదిలి వేగం మాత్రం పెంచకండి, ఎందుకంటే చాలా మదర్‌బోర్డులు అవసరానికి మించి ఇస్తాయి.

ర్యామ్ సెట్టింగులనూ ప్రాసెసర్ సెట్టింగులనూ ఒకే రోజు మార్చకండి.

భారం పడినప్పుడు వోల్టేజీ పడిపోకుండా చూసే లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ను చివరి స్థాయికి పెట్టకండి.

ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే మదర్‌బోర్డు వీఆర్‌ఎం వేడిని కూడా చూడండి.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చవకగా దొరికిందని పేరు తెలియని ఎస్‌ఎంపీఎస్‌తో (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెతో) ఓవర్‌క్లాక్ చేయకండి.

వేరొకరి స్క్రీన్‌షాట్‌లోని అంకెలను మీ బయాస్‌లో యథాతథంగా పెట్టకండి. రెండు చిప్‌లు ఒకేలా ఉండవు.

మొదలుపెట్టే ముందే ఫైళ్లను విడి డిస్కులోకి తీసి, ఆ డిస్కును యంత్రం నుంచి ఊడదీయండి.

యంత్రం ఆగిపోతే వోల్టేజీ పెంచకండి. రెండోసారి ఆగినా పెంచకండి, వేగమే తగ్గించండి. ఆఫీసు పని, చదువు ఆ యంత్రం మీదే సాగుతున్నట్టయితే, కత్తిరి ముగిసేదాకా ఈ రోజే డిఫాల్ట్‌కు మార్చేయండి.