కాంబి బాయిలర్ పాఠాలు, 3వ భాగం: షవర్ నీళ్లు కాసేపు వేడి, కాసేపు చల్లన

పోయిన పాఠంలో చూశాం కదా, కాంబి బాయిలర్‌లో (గదుల్ని వెచ్చబరచడానికీ, ట్యాప్‌లకి వేణ్ణీళ్లు ఇవ్వడానికీ ఒకటే గ్యాస్ బాయిలర్) వేణ్ణీళ్లు నిల్వ ఉండవు. ట్యాప్ తిప్పగానే నీళ్లు కదలడాన్ని ఫ్లో సెన్సర్ పసిగడుతుంది, బర్నర్ వెలుగుతుంది, ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (బాయిలర్ వేడిని ట్యాప్ నీళ్లకి అందించే పలకల అమరిక) గుండా పోతూనే నీళ్లు వేడెక్కుతాయి. ఇవాళ్టి సమస్యలో చాలాసార్లు ఆ వరసే ఎక్కడో తెగుతోంది. తలకి షాంపూ పెట్టుకున్నాక నీళ్లు ఉన్నట్టుండి చల్లబడి, మళ్లీ ఒళ్లు చుర్రుమనేంత వేడిగా రావడం ఎంత చిరాకో అనుభవించినవాళ్లకే తెలుసు.

ముందు తేల్చాల్సింది ఒక్కటే, లోపం బాయిలర్‌లో ఉందా, షవర్‌లో ఉందా. ఇది తేల్చకుండా పార్టులు మార్పిస్తే డబ్బు దండగ. వంటింటి ట్యాప్‌లో వేడి వైపు మాత్రమే పూర్తిగా తిప్పండి, చన్నీళ్లు చుక్క కూడా కలపొద్దు. వంటకి వాడే థర్మామీటర్ ఉంటే ధారలో పెట్టి అయిదు నిమిషాలు చూడండి. మొదట్లో వచ్చేవి పైపులో చల్లారిపోయిన నీళ్లు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత అంకె ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూగా నిలబడితే, ఎక్కువ ఫ్లోలో బాయిలర్ బాగానే ఉన్నట్టు.

ఇప్పుడు అదే ట్యాప్‌ని మెల్లగా సన్నధారకి తగ్గించండి. ఒకచోట బర్నర్ ఆరిపోతుంది. చాలా మోడళ్లలో నిమిషానికి సుమారు 2 నుంచి 2.5 లీటర్ల కంటే తక్కువ నీళ్లు పోతే బాయిలర్ వెలగదు. లీటరు జగ్గు 30 సెకన్లలో నిండితే అది 2 లీటర్ల ఫ్లో అన్నమాట.

చాలా ఇళ్లలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. బాయిలర్ సెట్టింగ్ 60 డిగ్రీలు, వచ్చే చన్నీళ్లు 20, మీకు కావాల్సింది 40 అనుకోండి. షవర్ నిమిషానికి 6 లీటర్లు పోస్తే అందులో సగం చన్నీళ్లే, అంటే బాయిలర్ గుండా పోయేది 3 లీటర్లే. షవర్ కాస్త తగ్గించినా, జల్లెడలో కాస్త మట్టి చేరినా ఫ్లో ఆ హద్దు కిందికి జారిపోతుంది, బర్నర్ ఆరుతుంది, వెలుగుతుంది, మళ్లీ ఆరుతుంది. అదే సెట్టింగ్‌ని 48కి దించితే చన్నీళ్లు తక్కువ కలుపుతారు కాబట్టి బాయిలర్ గుండా 4.3 లీటర్ల దాకా పోతాయి. చల్లబడుతున్నాయని సెట్టింగ్ పెంచేవాళ్లే ఎక్కువ, అది సరిగ్గా తిరగబడే వైద్యం. అయితే ఈ సలహా నిల్వ ఉంచని కాంబికే, వేణ్ణీళ్ల ట్యాంకు ఉన్న ఇంట్లో బ్యాక్టీరియా పెరగకుండా ట్యాంకులో 60 డిగ్రీలు ఉండాలి, అక్కడ దించకండి.

ఎండాకాలంలోనే ఇబ్బంది ఎక్కువైతే ఇంకో కారణం చూడండి. వచ్చే నీళ్లే 25 డిగ్రీలుంటే, 6 లీటర్ల షవర్‌ని 40కి తేవడానికి 6.3 కిలోవాట్లు చాలు (లీటర్లు, పెరగాల్సిన డిగ్రీలు, 0.07, ఈ మూడూ గుణిస్తే చాలు). మీ బాయిలర్ కనిష్ఠ శక్తి 7 కిలోవాట్లైతే అంతకంటే తగ్గడం దానికి కుదరదు, నీళ్లు మరీ వేడెక్కి బర్నర్ ఆగిపోతుంది. ఇక్కడ సెట్టింగ్‌తో పనవదు, షవర్ ఫ్లో పెంచాల్సిందే. నీళ్లు ఆదా చేసే షవర్‌హెడ్ తీసి ఒకసారి ప్రయత్నించండి.

వంటింటి ట్యాప్ పూర్తిగా తిప్పినా వేడి ఊగుతుంటే అనుమానం బాయిలర్ లోపలి వాటి మీదే. మొదట బాగా వేడిగా వచ్చి కాసేపటికే గోరువెచ్చగా మారుతుంటే హీట్ ఎక్స్ఛేంజర్‌లో గార కట్టి ఉండొచ్చు. హీటింగ్ ఆపేసి ఉన్నా వేణ్ణీళ్లు వాడినప్పుడల్లా రేడియేటర్ (గదిని వెచ్చబరిచే పలక) వెచ్చబడుతుంటే డైవర్టర్ వాల్వ్ (వేడిని ట్యాప్ వైపో రేడియేటర్ వైపో మళ్లించేది) పూర్తిగా మూసుకోవట్లేదు. రెండింటికీ కవర్ మీరు విప్పొద్దు, అది గ్యాస్ పనికి అర్హత ఉన్న మెకానిక్ చేతిలో పెట్టాల్సింది. పై అంకెలన్నీ రాసి ఇస్తే ఆయన వెతుకులాట సగం తగ్గుతుంది.

వంటింట్లో బర్నర్ ఆరే హద్దు దాకా ధార తగ్గించినా నిలకడగా ఉండి, షవర్‌లో మాత్రమే ఊగుతుంటే లోపం వేడి, చన్నీళ్లు కలిపే షవర్ మిక్సర్‌లో. దాని కార్ట్రిడ్జ్ (నీళ్లు కలిపే లోపలి భాగం) విప్పి గార ఎలా వదిలించాలో 4వ భాగంలో చేద్దాం, ఈలోపు మీ ఇంటి ట్యాప్ కొలతలు రాసి పెట్టుకోండి.