వాడేవాళ్ల వైపు నుంచి – 4వ పాఠం: టీవీ రిమోట్

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఏదో ఒక వస్తువు ఎంచుకుని, దాంతో మీ ఇంట్లోవాళ్లు నిజంగా చేసే పనులు కాగితం మీద రాయమన్నాను. ఆ వస్తువు ఏమేం చేయగలదో అట్టపెట్టె మీద ఎలాగూ ఉంటుంది, అది మనకు అక్కర్లేదు. ఈసారి అందరం ఒకే వస్తువుతో పనిచేద్దాం. టీవీ రిమోట్ తెచ్చుకోండి. సెట్‌టాప్ బాక్స్ ఉంటే దాని రిమోట్ కూడా. పెద్దవాళ్లున్న ఇల్లయితే ఈపాటికి దానికి ప్లాస్టిక్ కవరు, ఆ కవరు జారకుండా ఒక రబ్బరు బ్యాండు ఉండే ఉంటాయి.

ముందు బటన్లు లెక్కపెట్టండి. రెండు రిమోట్లూ కలిపితే చాలా ఇళ్లలో డెబ్భై, ఎనభై దాకా తేలతాయి. ఇప్పుడు పనుల జాబితా రాయండి. ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, ఛానెల్ మార్చడం, సౌండ్ పెంచడం, తగ్గించడం, ఫోనొస్తే మ్యూట్ చేయడం. పిల్లలుంటే యూట్యూబ్. అంతకు మించి రాయాలంటే పెన్ను ఆగిపోతుంది.

1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ ‘స్పేస్ కమాండ్’ అనే వైర్‌లెస్ రిమోట్ తెచ్చింది. రాబర్ట్ ఆడ్లర్ అనే ఇంజనీరు తయారుచేశాడు. దానికి ఉన్నవి నాలుగే బటన్లు: ఆన్-ఆఫ్, ఛానెల్ పైకి, ఛానెల్ కిందకి, సౌండ్ ఆపడం. లోపల నాలుగు అల్యూమినియం కడ్డీలు ఉండేవి. బటన్ నొక్కితే చిన్న సుత్తి ఒకటి కడ్డీని కొట్టేది, మన చెవికి అందని శబ్దం పుట్టేది, టీవీ దాన్ని పట్టుకునేది. బ్యాటరీ అవసరమే లేదు. బ్యాటరీ వద్దని పట్టుబట్టింది కంపెనీ అమ్మకాలవాళ్లు. బ్యాటరీ అయిపోయిన రోజు జనం రిమోట్‌ను కాదు, టీవీయే చెడిపోయిందనుకుంటారని వాళ్ల భయం. ఈ ముక్క రాసిపెట్టుకోండి. ఆ వస్తువు పనిచేయని రోజున వాడేవాళ్ల బుర్రలో ఏం నడుస్తుందో ముందే ఊహించినవాళ్లు వాళ్లు. మనం ఈ పాఠాల్లో నేర్చుకుంటున్నది ఆ ఊహే.

ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక తొందరపాటు నిర్ణయానికి వస్తారు: బటన్లు తగ్గిస్తే సుఖం అని. కాదు. హార్మోనియానికి ముప్పైకి పైగా మెట్లుంటాయి, ఎవరూ ఫిర్యాదు చేయరు. ఎందుకంటే ఏ మెట్టు నొక్కితే ఏ స్వరం పలుకుతుందో అది ఈరోజూ అంతే, రేపూ అంతే. అదే బ్లూటూత్ ఇయర్‌ఫోన్ చూడండి. ఉన్నది ఒక్కటే బటన్. ఒకసారి నొక్కితే పాట ఆగుతుంది, రెండుసార్లు నొక్కితే తర్వాతి పాట, కాసేపు నొక్కి పట్టుకుంటే ఆఫ్, ఇంకాసేపు పట్టుకుంటే ఇంకో ఫోన్ కోసం వెతుకుతుంది. బటన్ ఒక్కటే, తలనొప్పులు నాలుగు. కాబట్టి లెక్క ముఖ్యం కాదు. చూడాల్సింది వేరే ఉంది.

అది స్థితి. ఇంజనీర్లు మోడ్ అంటారు. ఒకే బటన్, వస్తువు ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి వేర్వేరు పనులు చేస్తే, ఆ స్థితి ఏమిటో వాడేవాళ్లకు కనిపించకపోతే, అక్కడ తప్పు జరిగి తీరుతుంది. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందని తెలియక పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టి, అకౌంట్ లాకైపోయి టెన్షన్ పడ్డవాళ్లందరికీ ఇది అనుభవమే. కంప్యూటర్‌లో కట్, కాపీ, పేస్ట్ తీరును తీర్చిదిద్దినవాళ్లలో ఒకడైన లారీ టెస్లర్‌కు ఈ మోడ్‌లంటే ఎంత ఒళ్లుమంటో, తన కారు నంబర్ ప్లేటు మీదే ‘నో మోడ్స్’ అని వేయించుకున్నాడు.

ఇప్పుడు ఈ పాఠంలో అసలు పని. స్థితుల పట్టిక వేయడం నేర్చుకుందాం.

టీవీ ఆన్‌లో ఉండవచ్చు, ఆఫ్‌లో ఉండవచ్చు. రెండు. సెట్‌టాప్ బాక్స్ కూడా అంతే, ఇంకో రెండు. టీవీ ఎక్కడి నుంచి బొమ్మ తీసుకుంటోందన్నది మూడోది. హెచ్‌డీఎంఐ 1, హెచ్‌డీఎంఐ 2, ఏవీ (ఈ మూడూ టీవీకి వైర్లు గుచ్చే రంధ్రాల పేర్లు), స్మార్ట్ టీవీ అయితే యాప్‌లుండే హోమ్. నాలుగనుకుందాం. రెండు రెళ్లు నాలుగు, నాలుగు నాలుగులు పదహారు. ఈ పదహారు గళ్లు కాగితం మీద గీయండి. బాక్స్ వైరు హెచ్‌డీఎంఐ 1లో ఉంటే, మన సీరియల్ కనిపించే గడి ఎన్నో చూడండి. ఒక్కటే. టీవీ ఆఫ్‌లో ఉన్న ఎనిమిది గళ్లలో తెర నల్లగా ఉంటుంది. మిగిలిన ఏడింటిలో ఎక్కువ గళ్లకు తెర మీద పడేది ఒకటే ముక్క: నో సిగ్నల్.

పట్టిక వేయడం ఎందుకంటే ఇందుకే. బాక్స్ ఆఫ్‌లో ఉన్నా నో సిగ్నలే. బాక్స్ బ్రహ్మాండంగా నడుస్తూ టీవీ హెచ్‌డీఎంఐ 2 వైపు చూస్తున్నా నో సిగ్నలే. మొదటిదానికి బాక్స్ రిమోట్ నొక్కాలి, రెండోదానికి టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కాలి. జబ్బులు వేరు, మందులు వేరు, పైకి కనిపించే లక్షణం మాత్రం ఒకటే. రెండో జబ్బుకి మొదటి మందు వేస్తే బాక్స్ కూడా ఆఫైపోయి, చిక్కు రెండింతలవుతుంది.

మనకీ రెండు రిమోట్ల కాపురం ఎప్పటి నుంచి? ఒకప్పుడు కేబుల్ వైరు నేరుగా టీవీ వెనకకు వెళ్లేది, ఒక్క రిమోట్‌తో పనయ్యేది. కేబుల్ ప్రసారాలను డిజిటల్ చేయాలన్న చట్ట సవరణ 2011లో వచ్చింది. రెండో దశ గడువు 2013 మార్చి 31, హైదరాబాద్, విశాఖపట్నం అందులోవే. మిగతా ఊళ్లకు ఆ తర్వాతి దశల్లో వచ్చింది. బొమ్మ స్పష్టత పెరిగింది, ఛానెళ్లు పెరిగాయి. కానీ టీవీ ఒక కంపెనీది, బాక్స్ ఇంకొకరిది. ఈ రెండింటి మధ్య సమన్వయం చూసే బాధ్యత సోఫాలో కూర్చున్న మనిషి మీద పడింది.

పట్టిక చేతిలో ఉంది కాబట్టి ఇక మనిషిని చూడాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక మామ్మగారిని అడిగాను.

“మామ్మగారూ, మీరు రోజూ చూసే సీరియల్ పెట్టుకోండి. నేను పక్కన కూర్చుంటాను, ఏమీ చెప్పను.”

“చెప్పనప్పుడు కూర్చోవడం దేనికి బాబూ?” అన్నారావిడ. న్యాయమైన ప్రశ్నే.

టీవీ రిమోట్ తీసుకుని ఎర్ర బటన్ నొక్కారు. అది పైన మూలన ఉంటుంది కాబట్టి చూడక్కర్లేదు, బొటనవేలే వెతుక్కుంది. టీవీ లేవడానికి కొన్ని సెకన్లు పట్టింది. అంతసేపూ నల్లటి తెర. ఆవిడ ఆగలేదు, వెంటనే రెండో రిమోట్ ఎర్ర బటన్ కూడా నొక్కారు. రాత్రి ఆఫ్ చేసింది టీవీ ఒక్కదాన్నే, బాక్స్ తెల్లవార్లూ ఆన్‌లోనే ఉంది. ఇప్పుడది ఆఫైంది. నో సిగ్నల్. బాక్స్‌కి ఎర్రదీపం వెలిగింది కానీ బాక్స్ ఉన్నది టీవీ వెనక, గోడకి. అప్పుడు టీవీ రిమోట్‌లో మధ్యనున్న పెద్ద బటన్ నొక్కారు. హోమ్ తెర తెరుచుకుని సినిమా పోస్టర్లు వరసగా వచ్చాయి. “అయ్యో, ఏదో నొక్కేశాను. నాకు చేతకాదులే, మనవడు కాలేజీ నుంచి వచ్చి పెడతాడు” అని రిమోట్ పక్కన పెట్టేశారు.

మీ పట్టికలో ఆవిడ దారి గీయండి. మొదటి నొక్కుతోనే సరైన గడిలోకి వచ్చేశారు! బొమ్మ రావడం ఆలస్యమైంది కాబట్టి ఆ సంగతి ఆవిడకు తెలియలేదు. రెండో నొక్కు ఆ గడి నుంచి బయటికి తోసేసింది, మూడోది ఇంకా దూరం తీసుకెళ్లింది. మూడు నొక్కుల్లోనూ ఆవిడ ఆలోచన సబబే. అయినా తప్పు తన మీదే వేసుకున్నారు. మీరు ఎవరిని గమనించినా ఈ మాట వినబడుతుంది: నాకు చేతకాదు, నేనే ఏదో చేసేశాను. వినగానే పక్కన టైము వేసి రాయండి. దానికి కాస్త ముందు ఏం నొక్కారో అక్కడే డిజైన్ లోపం దొరుకుతుంది.

గమనించేటప్పుడు నోరు కట్టేసుకోవడం అన్నిటికన్నా కష్టం. “అది కాదు, పక్కది” అని ఒక్క మాట అన్నా పరీక్ష పోయినట్టే. ఇంట్లోవాళ్ల మీద చేస్తే ఇంకా కష్టం, తిట్లు కూడా పడతాయి. వీలైతే పక్కింటివాళ్లతో మొదలుపెట్టండి.

ఇదంతా సోఫా గొడవే కదా, ఇంత శాస్త్రం దేనికని కొందరికి అనిపించవచ్చు. 2017 ఆగస్టు 21న సింగపూర్ దగ్గర అమెరికా నౌకాదళం వారి జాన్ ఎస్. మెకెయిన్ అనే యుద్ధనౌక ఒక ట్యాంకర్‌ను ఢీకొంది. 10 మంది నావికులు చనిపోయారు. ఆ నౌకలో స్టీరింగ్, వేగం రెండూ టచ్ స్క్రీన్ల మీద నడుస్తాయి, ఒక కన్సోల్ (నౌకను నడిపే స్క్రీన్లుండే బల్ల) నుంచి ఇంకో కన్సోల్‌కు మార్చుకోవచ్చు. వేగం ఒక్కటే పక్క కన్సోల్‌కు ఇద్దామనుకుంటే స్టీరింగ్ కూడా వెళ్లిపోయింది. చక్రం దగ్గరున్న నావికుడు స్టీరింగే పోయిందనుకున్నాడు. పోలేదు, పక్క కన్సోల్‌లో ఉంది. ఆ సంగతి తేల్చుకునేలోపే ప్రమాదం జరిగిపోయింది. సిబ్బందికి శిక్షణ చాలలేదని తేలింది, దాంతోపాటు ఆ స్క్రీన్ల డిజైన్‌నూ దర్యాప్తు తప్పుబట్టింది. 2019లో నౌకాదళం ఈ తరహా నౌకల్లో వేగం కోసం మళ్లీ చేత్తో తోసే పాతకాలపు లీవర్లు పెడతామని ప్రకటించింది. పగ్గం ఎవరి చేతిలో ఉందో కనిపించకపోవడం ఇక్కడా ఉంది, మామ్మగారి హాల్లోనూ ఉంది.

మరి కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయి? తెలివిలేక అనుకుంటే పొరపాటు. 2005లో థాంప్సన్, హామిల్టన్, రస్ట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. కొనేముందు జనం ఎక్కువ ఫీచర్లున్నదాన్నే ఇష్టపడతారు, వాడిన తర్వాత మాత్రం వాడకం సులువుగా ఉన్నది నచ్చుతుంది. షాపులో నిలబడి రెండు టీవీలు పోల్చేటప్పుడు మనమూ “దీంట్లో అది కూడా ఉందా?” అనే అడుగుతాం. అమ్మేవాడికి ఆ ప్రశ్నే వినిపిస్తుంది, ఇంటికొచ్చాక పడే పాట్లు వినిపించవు. దీనికి తోడు ఓటీటీ కంపెనీలు డబ్బిచ్చి వేయించుకునే బటన్లు. మీ రిమోట్‌లో రంగురంగుల లోగోతో అన్నిటికన్నా పెద్దగా ఉన్న బటన్ మీ కోసం పెట్టింది కాకపోవచ్చు.

ఇక మరమ్మతు. కొత్త రిమోట్ మనం తయారుచేయలేం కానీ పట్టికలో గళ్లు కొట్టేయగలం. టీవీకీ బాక్స్‌కీ మధ్య ఆన్-ఆఫ్ కబురు హెచ్‌డీఎంఐ వైరు గుండానే వెళ్లే ఏర్పాటు చాలా టీవీల్లో ఎప్పటి నుంచో ఉంది. దాని అసలు పేరు సీఈసీ. సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికితే దొరక్కపోవచ్చు, ఎందుకంటే శాంసంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంది, సోనీ బ్రావియా సింక్ అంది. ఉన్న ఒక్క సులువునూ తలా ఒక పేరు పెట్టి దాచేశారు. బాక్స్‌కి కూడా ఆ సదుపాయం ఉంటే రెండుచోట్లా ఆన్ చేయండి. అప్పుడు బాక్స్ లేస్తే టీవీ కూడా లేచి, తనంతట తానే సరైన సోర్స్‌కు మారుతుంది. అది లేకపోతే, చాలా బాక్స్ రిమోట్లలో టీవీ కోసం విడిగా ఒక పవర్ బటన్ ఉంటుంది. టీవీ రిమోట్ సిగ్నల్‌ను దానికి నేర్పించి, బాక్స్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే వదిలేయండి. కరెంటు కొద్దిగా ఖర్చవుతుంది, కానీ పట్టికలో సగం గళ్లు పోతాయి. తర్వాత టీవీ రిమోట్‌ను డ్రాయర్‌లో పెట్టేస్తే సోర్స్ బటన్ గొడవే ఉండదు. యూట్యూబ్ కావాలనే పిల్లలు ఎలాగూ వెతుక్కుని తీసుకుంటారు.

బటన్ల మీద టేపు అంటించే పద్ధతి మీలో చాలామందికి తెలుసు. మంచిదే కానీ దాన్ని ఆఖరి అస్త్రంగా ఉంచుకోండి. కిందున్న స్థితులు అలాగే ఉంటాయి కాబట్టి టేపు ఊడిన రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ వారం పని: మార్పులు చేశాక కొత్త పట్టిక వేసి, మొదట గమనించిన మనిషినే మళ్లీ కూర్చోబెట్టండి. ఈసారి ‘చేతకాదు’ ఎక్కడొచ్చిందో, అసలు వచ్చిందో లేదో చూడండి. ఆ తర్వాత మీ ఇంటి వాషింగ్ మెషీన్‌కు కూడా ఇలాంటి పట్టికే వేయండి. దానికి గళ్లు చాలా ఎక్కువ వస్తాయి, కంగారుపడొద్దు. బయటికి ఒకేలా కనిపిస్తూ లోపల వేరుగా ఉన్న గళ్లు ఏవి దొరికినా ఎర్ర పెన్నుతో చుట్టండి. 5వ పాఠం ఆ ఎర్ర గళ్లతోనే మొదలుపెడదాం.