మడ అడవి పక్షుల ఫొటోలకు తక్కువ ధరలో జూమ్ లెన్స్

కోరింగ మడ అడవుల్లో పక్షుల ఫొటోలు తీయాలని తొలి టెలిఫొటో జూమ్ (దూరంలోని వాటిని దగ్గరగా చూపే లెన్స్) కొనేవారు ముందుగా తమ కెమెరా సెన్సారు (బొమ్మను పట్టే చిప్) ఏదో చూసుకోవాలి. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సారున్న నికాన్, సోనీ కెమెరాలపై 300 మిల్లీమీటర్ల లెన్స్, పెద్ద సెన్సారుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాపై 450 మిల్లీమీటర్ల లెన్స్ చూపినంత దగ్గరగా చూపుతుంది కనుక, పడవకు చేరువలో వాలే కొంగలకూ లకుముకి పిట్టలకూ 70-300 మిల్లీమీటర్ల జూమ్ చాలు. బురదమేటలపై దూరంగా మేసే ఉల్లంకి పిట్టలు కావాలంటే సిగ్మా లేదా టామ్రాన్ కంపెనీ 150-600 జూమ్ అవసరమవుతుంది; అయితే వాటి బరువు దాదాపు 2 కిలోలు లేదా అంతకన్నా ఎక్కువ.

లెన్స్‌లోని స్టెబిలైజేషన్ చేతి వణుకును తగ్గిస్తుందే గాని పక్షి కదలికను ఆపలేదు. అందువల్ల ఎగిరే పక్షికి సెకనులో 1000వ వంతు లేదా అంతకన్నా వేగమైన షట్టర్ పెట్టి, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోవాలి.

బడ్జెట్ తక్కువైతే వాడిన లెన్స్ కొనడమే మేలని నా గట్టి అభిప్రాయం. కాకపోతే మన డెల్టా గాలిలోని తేమకు లెన్స్ లోపల బూజు పట్టే ప్రమాదం ఎక్కువ కాబట్టి, రెండు వైపుల మూతలూ తీసి వెనుక నుంచి టార్చి వేసి చూడాలి. సాలెగూటి పోగుల్లాంటి గీతలు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా తీసుకోకూడదు. కొద్దిపాటి దుమ్ము రేణువుల వల్ల నష్టమేమీ లేదు. తరువాత జూమ్‌ను చివరి వరకూ తిప్పి, దూరంలోని కొబ్బరాకు అంచుపై ఫోకస్ చేసి, ఎపర్చరు (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి ఒక ఫొటో, దాన్ని ఎఫ్/8కు చిన్నది చేసి మరొకటి తీసి, రెండింటినీ తెరపై పెద్దవి చేసి పదును పోల్చుకోవాలి. కొన్న తరువాత గాలి చొరని డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్‌తో భద్రపరచాలి.