బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు, 4వ పాఠం: దాచినది కనిపించకపోతే

కిందటి పాఠంలో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ దాచడం, మార్చడం, తీసేయడం చూశాం. దాచినది కనిపించకుండా పోతే ఎక్కడ వెతకాలో ఈసారి నేర్చుకుందాం.

మిర్యాలగూడలో రైస్ మిల్లులో లెక్కలు రాసే తమ్ముడు ఒకతను ఒక 20వ తేదీ సాయంత్రం లాప్‌టాప్ పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, పాస్‌వర్డ్‌లన్నీ పోయినయ్. జీఎస్టీ రిటర్న్‌కు ఇయ్యాల్నే ఆఖరు రోజు" అన్నాడు. ముఖం చూస్తే మనిషి పొద్దున్నుంచి అన్నం తిన్నట్టు లేడు. నేను మొదట అడిగింది ఒక్కటే: "పోయినయని తెలిసినంక ఏమేం చేసినవ్?" ఏమీ ముట్టుకోలేదన్నాడు. అదే అతన్ని కాపాడింది.

మీరూ అక్కడే మొదలుపెట్టండి. ఏదీ తీసేయకండి, రీసెట్ చేయకండి, బ్రౌజర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు జాబితా చూడండి. అడ్రస్ బార్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో అబౌట్, కోలన్, లాగిన్స్ అని ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే దాచినవన్నీ వస్తాయి. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

జాబితాలో ఉంది, కానీ సైటులో నిండడం లేదు. అలాంటప్పుడు జాబితాలో ఉన్న వెబ్ అడ్రస్‌నూ పైన బార్‌లో ఉన్న అడ్రస్‌నూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. సైటు వాళ్లు లాగిన్ పేజీని వేరే అడ్రస్‌కు మార్చి ఉండవచ్చు. లేదా మీరు తెరిచింది అసలు సైటే కాకపోవచ్చు. ఈ రెండోదాన్ని తేలికగా తీసుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. మెసేజ్‌లో వచ్చిన లింక్ నొక్కి వెళ్లిన పేజీ అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంటుంది, మన కన్ను మోసపోతుంది. బ్రౌజర్ బొమ్మను చూడదు, అడ్రస్‌నే చూస్తుంది. రోజూ నిండే పాస్‌వర్డ్ ఒకరోజు నిండకపోతే జాబితాలోంచి కాపీ చేసి అతికించే ముందు ఆగి అడ్రస్ చదవండి.

ఇంకో మామూలు కారణం కూడా ఉంది. ఒకే సైటుకు రెండు మూడు లాగిన్‌లు దాచి ఉంటే ఏది నింపాలో ఫైర్‌ఫాక్స్ తనంతట తాను తేల్చుకోదు. మిల్లుకు ఒక జీఎస్టీ నంబరు, అన్నగారి ఎరువుల షాపుకు ఇంకొకటి ఉన్నవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. యూజర్ నేమ్ పెట్టెలో ఒకసారి క్లిక్ చేయండి, కింద పేర్లు దిగుతాయి, కావలసింది ఎంచుకోండి.

కొత్త పాస్‌వర్డ్ దాచాలా అని అడగడమే మానేసిందా? సెట్టింగ్స్‌లో పైన ఉండే వెతికే పెట్టెలో పాస్‌వర్డ్స్ అని కొట్టండి. దాచమంటారా అని అడిగే గడిలో టిక్ ఉందో లేదో చూడండి. పక్కనే ఎక్సెప్షన్స్ అనే బటన్ ఉంటుంది. ఎప్పుడో తొందరలో 'నెవర్ సేవ్' నొక్కిన సైట్లన్నీ అందులో ఉంటాయి, అక్కడి నుంచి తీసేస్తే మళ్లీ అడుగుతుంది. మీరున్నది ప్రైవేట్ విండో కాదు కదా, అదీ చూసుకోండి.

ఇక రెండో దారి: జాబితా మొత్తం ఖాళీ. మన తమ్ముడిది ఇదే.

ఫైర్‌ఫాక్స్ మీ పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు, సెట్టింగ్‌లు అన్నీ ప్రొఫైల్ అనే ఒక ఫోల్డర్‌లో పెడుతుంది. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్. ఎవరో రిపేరు చేస్తూ అతని లాప్‌టాప్‌లో 32 బిట్ ఫైర్‌ఫాక్స్ తీసి 64 బిట్‌ది వేశారు. అది వేరే ఫోల్డర్‌లో దిగింది, కొత్త ప్రొఫైల్ తెరుచుకుంది. పాతది డిస్క్‌లో చెక్కు చెదరకుండా ఉంది. అడ్రస్ బార్‌లో అబౌట్, కోలన్, ప్రొఫైల్స్ అని కొడితే రెండూ కనిపించాయి. పాతదాని కింద, కొత్త బ్రౌజర్‌లో తెరిచే బటన్ నొక్కాం. పాస్‌వర్డ్‌లన్నీ ఉన్నాయి. దాన్నే డిఫాల్ట్‌గా పెట్టాం. రిటర్న్ ఆ రాత్రే వేశాడు. ఆ పేజీలోనే రిమూవ్ బటన్ కూడా ఉంటుంది, దాని జోలికి పోకండి.

పాత ప్రొఫైల్‌లోనూ ఖాళీగా ఉంటే ఫోల్డర్ లోపలికి వెళ్లాలి. హెల్ప్ మెనూలో మోర్ ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, ప్రొఫైల్ ఫోల్డర్ ఎదురుగా ఉన్న బటన్ నొక్కండి. ఫోల్డర్ తెరుచుకున్నాక ఫైర్‌ఫాక్స్‌ను పూర్తిగా మూసి, మొత్తం ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఆ తర్వాతే మిగతా పని.

అందులో మనకు కావలసినవి రెండే ఫైళ్లు. లాగిన్స్ డాట్ జేసన్ బీరువా అయితే, కీ4 డాట్ డీబీ దాని తాళంచెవి. మొదటిదానిలో పాస్‌వర్డ్‌లు గుప్తంగా ఉంటాయి, వాటిని విప్పే కీ రెండోదానిలో ఉంటుంది. కొత్త కంప్యూటర్‌కు బీరువా ఒక్కటే తీసుకెళ్లి, తెరుచుకోవడం లేదని బాధపడ్డవాళ్లను చూశాను. రెండూ ఒకే ప్రొఫైల్‌వి అయి ఉండాలి, రెండూ కలిసి వెళ్లాలి. లాగిన్స్ ఫైలు పేరు చివర కరప్ట్ అనే మాట చేరి ఉంటే అది పాడైందని ఫైర్‌ఫాక్స్ పక్కకు పెట్టినట్టు. అదే ఫోల్డర్‌లో లాగిన్స్ బ్యాకప్ అనే ఫైలు ఉంటే దాన్ని కాపీ చేసి, ఆ కాపీకి అసలు పేరు పెట్టి చూడండి.

తాళంచెవి బీరువా పక్కనే ఉందన్న సంగతి మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. ఆ రెండు ఫైళ్లు ఎత్తుకెళ్లినవాడు మీ పాస్‌వర్డ్‌లన్నీ చదవగలడు. అందుకే నలుగురు కూర్చునే ఆఫీసు కంప్యూటర్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్, అంటే దాచినవన్నిటికీ కలిపి వేసే ఒకే తాళం, తప్పకుండా పెట్టండి. దాన్ని మరిచిపోతే రీసెట్ చేయడం తప్ప దారి లేదు, రీసెట్ చేస్తే దాచినవన్నీ చెరిగిపోతాయి. కాగితం మీద రాసి ఇంట్లో పట్టాదారు పాస్‌బుక్ పెట్టే చోట పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: మీ ప్రొఫైల్ ఫోల్డర్ తెరిచి ఆ రెండు ఫైళ్లు కంటితో చూసి, ఫైర్‌ఫాక్స్ మూసి, ఫోల్డర్ కాపీ తీయండి. క్రోమ్‌లో పాస్‌వర్డ్‌ల తాళం విండోస్ అకౌంట్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి ఈ కాపీ పద్ధతి అక్కడ పనిచేయదు. దాని సంగతి 5వ పాఠంలో.