మార్చి నెలాఖరుకు ముందు ఎక్సెల్ ఫైళ్ళ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కనుక, ఏడాది పొడుగునా నెమ్మదిగా నడిచిన లెక్కలన్నీ ఆ చివరి పది రోజుల్లో ఒక్క ఎక్సెల్ ఫైలు మీద వచ్చి పడతాయి. ఎండలతోపాటు కరెంటు కోతలూ అప్పుడే మొదలవుతాయి. ఫైలు సేవ్ కావడం లేదని ఆ రాత్రి కనిపెట్టి కంగారు పడేకంటే ఈ పనులను నెల మొదట్లోనే చూసుకోవడం మేలు.

యూపీఎస్ ఉందన్న ధైర్యం చాలదు. ఫైళ్ళన్నీ మూసి, యూపీఎస్‌కు కరెంటు ఇచ్చే స్విచ్ ఆపి, కంప్యూటర్ ఎన్ని నిమిషాలు నిలుస్తుందో స్వయంగా చూడాలి. ఎక్సెల్ పది నిమిషాలకొకసారి దాచే ఆటోరికవర్ ప్రతి, ప్రోగ్రాం హఠాత్తుగా ఆగిపోయినప్పుడు ఆదుకునేదే తప్ప అసలు ఫైలుకు బదులు కాదు. ఆప్షన్స్‌లో ఆ వ్యవధిని ఐదు నిమిషాలకు తగ్గించుకోవచ్చు. పైన కనిపించే ఆటోసేవ్ మీట మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ నిల్వలైన వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉన్న ఫైళ్ళకే పనిచేస్తుంది. డి డ్రైవులో పెట్టుకున్న ఫైలును అది కాపాడదు.

మెయిల్లో వచ్చిన ఫైలును అక్కడే తెరిచి గంటల తరబడి పనిచేయడం నేను చూసిన పొరపాట్లలో అతి సాధారణమైనది. ముందు దానిని ఒక ఫోల్డర్‌లోకి దించుకుని, జిప్ అయితే విప్పి, ఆ తర్వాతే అంకెలు ఎక్కించాలి. పెన్‌డ్రైవ్ మీద నేరుగా పనిచేయడమూ అలాంటిదే.

ఇక ఫార్మాట్ సంగతి. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. హెచ్చరిక వచ్చినా చదవకుండా సరే అని నొక్కితే మిగిలినవి పోతాయి. సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన వట్టి అక్షరాల ఫైలుగా సేవ్ చేస్తే తెరిచి ఉన్న ఒక్క షీటే మిగులుతుంది, ఫార్ములాలు ఉండవు, అన్ని భాషల లిపులనూ దాచగల యూటీఎఫ్-8 రకాన్ని ఎంచుకోకపోతే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారతాయి.

సేవ్ కాలేదన్న సందేశం వచ్చినప్పుడు చేయకూడని పని ఆ కిటికీని మూసేయడం. ఎఫ్12 నొక్కి, చిన్న పేరు పెట్టి, డెస్క్‌టాప్ మీద సేవ్ చేయాలి. అక్కడ సేవ్ అయితే చిక్కు ఫైలులో కాదు, పాత చోటులో ఉన్నట్టు. ఫోల్డర్ల పేర్లతో కలిపి ఫైలు దారి 218 అక్షరాలు దాటినా, తేదీ రాసేటప్పుడు పేరులో ఏటవాలు గీత వచ్చినా, ఆ ఫోల్డర్‌లో మార్పులు చేసే అనుమతి లేకపోయినా ఇలాగే జరుగుతుంది. ఎక్సెల్ మొదట ఒక తాత్కాలిక ఫైలు రాసి, అది పూర్తయ్యాకే పాతదాని స్థానంలో నిలుపుతుంది కనుక డిస్కులో రెండింటికీ చోటుండాలి. సేవ్ మధ్యలో ఆగిపోతే ఫోల్డర్‌లో ఎనిమిది అక్షరాల వింత పేరుతో మిగిలేది ఆ ఫైలే కావచ్చు. చెత్త అనుకుని తుడిచేయకుండా, దానికి నకలు తీసి, పేరు చివర .ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ పొడిగింపును ఇంగ్లీషులో చేర్చి తెరిచి చూడాలి. డెస్క్‌టాప్ మీద కూడా సేవ్ కాకపోతే కొత్త వర్క్‌బుక్ తెరిచి షీట్లను ఒక్కొక్కటిగా అందులోకి మార్చవచ్చు.

ఆడిటర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చేముందు దానిని ఎజెక్ట్ చేసి తీసి, మళ్ళీ పెట్టి, అందులోని ఫైలునే తెరిచి చివరి వరుస దాకా చూసుకోవాలి.