బొమ్మల కథకు ఊట – 4వ పాఠం: చేర్యాల పటం నుంచి ఏం తెచ్చుకోవాలి

చేర్యాల పటం అంటే తెలంగాణలోని చేర్యాలలో గీసే, గడి గడిగా కథ చెప్పే పొడవాటి గుడ్డ బొమ్మ. పోయిన పాఠంలో అందులోని ఒక గడిని పది నిమిషాలు చూసి, మీ సొంత కథకు ఒక గడి గీయమన్నాం. వచ్చిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఒకదానికొకటి కవలల్లా ఉన్నాయి. వెనకంతా ఎరుపు, చుట్టూ పూల అంచు, విప్పారిన కళ్లు, పాత్ర చేతిలో సెల్‌ఫోను. హాస్టల్ కథకూ అదే బొమ్మ, ఆసుపత్రి కథకూ అదే బొమ్మ.

గీసిన చేతుల్లో లోపం లేదు. ‘చూడండి’ అని చెప్పిన పాఠం, చూసినదాంట్లో ఏది పట్టుకోవాలో చెప్పలేదు. ఈసారి గడుల మధ్య మాటలు రాయడం నేర్చుకోవాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాం. ముందు ఈ ముడి విప్పాలి.

ఉదాహరణకు ఒక చిన్న కథ తీసుకుందాం, పాఠం అంతా దాంతోనే నడుస్తాం. సిద్దిపేటలో ఒక అమ్మాయి ఆర్టీసీ డీలక్స్ బస్సెక్కి 500 నోటు ఇచ్చింది. కండక్టరు దగ్గర చిల్లర లేదు. రావాల్సింది టికెట్ వెనక రాసిచ్చాడు. సికింద్రాబాద్‌లో దిగిపోయింది. బస్సు కదిలాక గుర్తొచ్చింది. అంతే కథ. ఫోనులో పైనుంచి కిందికి జరుపుతూ చదివే బొమ్మల కథగా దీన్ని చేయాలి.

ఇప్పుడు ఎరుపు సంగతి. అందరూ జారింది ఇక్కడే కాబట్టి ఎక్కువసేపు ఆగుతాను.

చేర్యాల పటంలో ఎరుపు అలంకారంగా పుట్టలేదు. పటం అంటే ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి కలిపి పూత పెట్టి నున్నగా చేసుకున్నది. పాతకాలం పటమైతే సుమారు 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. దాన్ని చుట్టి మోసుకెళ్లాలి, ఊరూరా విప్పాలి. చుట్టే గుడ్డ మీద రంగు మందంగా వేస్తే పెచ్చులూడుతుంది, అందుకే పలుచగా, ఒకే పొరగా పరిచినట్టు ఉంటుంది. గుంపుగా కూర్చున్నవాళ్లకు దూరం నుంచి కనబడాలి. ఈ ఇబ్బందులన్నిటికీ నకాషీల (ఈ పటాలు గీసే కళాకారుల) చేతిలో దొరికిన జవాబు ఆ ఎర్రటి నేల.

ఆ నేల చేసే పనులు మూడు. మనుషుల్ని వెనక నుంచి ముందుకు తోస్తుంది. ఆకాశం, దూరం, పగలూ రాత్రీ అన్నీ చెరిపేస్తుంది. అవి చెరిగిపోయాయి కాబట్టి ఒక చెట్టు గీస్తే అడవి అవుతుంది, నాలుగు స్తంభాలు నిలబెడితే కొలువు అవుతుంది. మనకు కావలసింది ఈ మూడోది. చోటు మొత్తం గీయక్కర్లేదు, చోటుకు ఒక్క గుర్తు చాలు.

మన కథలో చూడండి. బస్సు లోపలంతా గీయడానికి కూర్చుంటే సీట్లు, కిటికీలు, సామాన్లు అన్నీ పోటీకొస్తాయి, టికెట్ ఎక్కడో మునిగిపోతుంది. వెనక ఖాళీగా ఉంచి, పైన పట్టుకునే కడ్డీ ఒక్కటి అడ్డంగా గీయండి. బస్సు వచ్చేసింది. దిగాక కడ్డీ పోతుంది, ప్లాట్‌ఫారం నంబరు బోర్డు ఒకటి వస్తుంది. రెండు గుర్తులతో రెండు చోట్లు. వెనక రంగు లేత బూడిదైనా, పాత టికెట్ కాగితం రంగైనా ఆ పని చేస్తుంది. ఎరుపే అక్కర్లేదు.

ఎరుపును ఉన్నదున్నట్టు ఫోనులోకి తెస్తే ఇంకో దెబ్బ. తెర మీద స్వచ్ఛమైన ఎరుపు (255, 0, 0; వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు) మీద తెల్లక్షరం వేస్తే వెలుగు తేడా (కాంట్రాస్ట్) 4:1 దగ్గరే ఆగుతుంది. మామూలు సైజు అక్షరాలకు వెబ్ ప్రమాణాలు కనీసం 4.5:1 అడుగుతాయి. నల్లక్షరం వేస్తే 5.25 వస్తుంది, గట్టెక్కుతుంది. కానీ మీలో చాలామంది పటం ఛాయ రావాలని ఎరుపును ముదురు చేసి, నల్లక్షరాలు అలాగే ఉంచారు. (170, 30, 30) దగ్గర నలుపుకు 3 కూడా రాదు. అక్కడ తెలుపు వేస్తే 7 దాటుతుంది. ఎరుపు తప్పదనుకున్నవాళ్లు ముదురు ఎరుపు, తెల్లక్షరం వేయండి, ఇంకేదీ వద్దు. తెలుగు అక్షరానికి ఒత్తులు, గుడులు సన్నగా ఉంటాయి, తేడా తగ్గితే ముందు మాయమయ్యేవి అవే.

పూల అంచు గురించి కూడా అడిగారు. పటంలో అది ఒక గడిని ఇంకో గడి నుంచి విడదీస్తుంది. ఫోనులో ఆ పని ఖాళీ జాగా చేస్తుంది. అంచు తీసేయండి.

ఇక నుంచి ఏ మూలం (బొమ్మకు ఊహ తెచ్చుకునే వస్తువో చోటో) దగ్గరికి వెళ్లినా ముందు చీటీ రాయాలి. పోస్టుకార్డంత కాగితం చాలు. మూడు వరుసలు: ఏం కనబడింది, అది అక్కడ ఏ పని చేస్తోంది, నా కథలో ఆ పని ఎక్కడ కావాలి. రెండో వరుసలో ‘అందంగా ఉంది’, ‘మన సంప్రదాయం కనిపిస్తుంది’ అని రాస్తే చీటీ చెల్లదు. అక్కడ క్రియ ఉండాలి: విడదీస్తోంది, ఆపుతోంది, దాస్తోంది, చూపు మళ్లిస్తోంది. మూడో వరుస ఖాళీగా మిగిలితే ఆ మూలం ఈ కథకు పనికిరాదు, ఇంకో కథకు దాచుకోండి. చీటీ రాసేటప్పుడు బొమ్మ ఎదురుగా ఉండకూడదు. చూసి, మూసి, గుర్తున్నదే రాయాలి. గుర్తుండిపోయిందంటే అది మీ మీద పనిచేసిందన్నమాట. ఫోను గ్యాలరీలో వందలకొద్దీ బొమ్మలు దాచుకునే అలవాటు నాకు నచ్చదు, అది చూపును బద్ధకం చేస్తుంది.

పటం నుంచి మనకు దొరికే అసలు సొమ్ము దాని నడక. పటం పైనుంచి కిందికి విప్పుతారు, ఫోనూ అంతే జరుపుతాం. పుస్తకంలో పేజీ తిప్పే బొమ్మల కథ కంటే పటమే మన తెరకు దగ్గరి చుట్టం. పటం కథ చెప్పేవాళ్లు (పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు) గడి మీద కర్ర పెట్టి చూపిస్తూ చెబుతారు. ఎక్కడ చూడాలో కర్ర చెబుతుంది, ఎంతసేపు ఆగాలో గొంతు చెబుతుంది. ఫోనులో కర్రా లేదు, గొంతూ లేదు. ఆ రెండు పనులూ గీతకే అప్పజెప్పాలి.

కర్ర పని: గడి అడుగున కిందికి చాచిన చెయ్యో, కిందికి దించిన చూపో ఉంచండి. కండక్టరు టికెట్ అందించే చెయ్యి గడి కింది గీతను దాటి ఖాళీలోకి రానివ్వండి. చదివేవాడి వేలు దాని వెంటే వెళ్తుంది.

గొంతు పని: ఖాళీ జాగా. 800 పిక్సెల్ వెడల్పుతో చేస్తే, 20:9 తెర (ఎత్తు 20 పాళ్లు, వెడల్పు 9 పాళ్లు) మీద ఒకసారి కనబడేది సుమారు 1780 పిక్సెల్ ఎత్తు, పైనా కిందా పట్టీలు పోను 1500 అనుకోండి. మామూలు గడుల మధ్య 200 నుంచి 300 వదలండి. అమ్మాయి దిగిన గడి తర్వాత 1500 వదలండి, తెర మొత్తం ఖాళీ అయ్యేలా. ఆ తర్వాత టికెట్ వెనక వైపు ఒక్కటే, దాని మీద ‘380’. ఖాళీ 600 దగ్గర ఆపితే పై గడి అడుగూ కింది గడి తలా ఒకే తెరలో కనబడి టికెట్ ముందే బయటపడుతుంది. ఎక్కువమంది బొమ్మల్లో ఊపు పోయింది ఇలాంటి చోటే. అలాగని ప్రతి గడికీ ఇంత జాగా ఇస్తే మూడోసారికి చదివేవాడు విసిగి గబగబా జరిపేస్తాడు. ఒక కథకు ఒక్క పెద్ద ఖాళీ.

మొహాల రంగుల నుంచి ఒకటి తీసుకోవచ్చు. పటంలో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు వాడతారు. యాభై గడుల్లో అదే పాత్ర మళ్లీ వచ్చినా ఎవరో వెంటనే తెలుస్తుంది. మీ పాత్రకూ మారని గుర్తు ఒకటి పెట్టండి, ఆకారంలో. బొమ్మ మొత్తం నల్లగా నింపి సెంటీమీటరంత చేసి చూడండి. పోల్చుకోలేకపోతే గుర్తు చాల్లేదు.

బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు (వంత పాడేవాళ్లు) ఉంటారు. హాస్యవంత నవ్విస్తాడు, రాజకీయవంత లోకం సంగతి ఎత్తుతాడు. వినేవాడి మనసులో ఉన్న ప్రశ్నను వాళ్లు ముందే అడిగేస్తారు. మన బస్సులో పక్క సీటు పెద్దమ్మ ఆ వంత: ‘చిల్లర తీసుకున్నవా బిడ్డా?’ ఆ మాట ఎక్కడ పెట్టాలన్నది వచ్చే పాఠం.

ఇంకో మూలం కావాలంటే, లారీ వెనక అక్షరాలకు ఒకే పక్క నీడ వేస్తారు, చూసి చీటీ రాసుకోండి.

ఒక హెచ్చరిక. చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసినవాటికే ఆ పేరు. పటం పనితీరు నేర్చుకుని గీసిన మీ డిజిటల్ బొమ్మ కింద ‘చేర్యాల’ అని పేరు వేసి అమ్మకండి. ఆ పేరు ఆ చేతులది.

సాధన: ఈసారి కష్టంగానే ఉంటుంది. మీ ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మూడు మూలాలు ఎంచుకోండి, మూడూ బొమ్మల కథ కానివే అయి ఉండాలి: ముగ్గు, కిరాణా కొట్టు అరల అమరిక, గుడి మెట్లు, పెళ్లి పత్రిక, ఏదైనా సరే. ఒక్కోదానికి నాలుగు చీటీలు, మొత్తం 12. అందులో మూడో వరుస నిండినవి రెండు ఎంచుకుని, రెండింటినీ కలిపి 8 గడుల కథ గీయండి. మొదట 3 సెంటీమీటర్ల వెడల్పు చిన్న గడుల్లో పెన్సిల్‌తో, తర్వాతే తెర మీద. పూర్తయిన కథను మూలం ఏదో చెప్పకుండా ఇద్దరికి చూపించండి. చూడగానే ‘ముగ్గు’ అన్నారంటే రూపం తెచ్చారు, పని తేలేదు. ఆ గడి మళ్లీ గీయండి. పోయినసారి ఎరుపు వేసినవాళ్లు ఈసారి మూడు రంగులకు మించి వాడొద్దు, వాటిలో ఎరుపు ఉండకూడదు.